కంపెనీ రిజిస్టరులో మన పేరు
(సంక్షేమ సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన ప్రాంతపు పరిశ్రమల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్ములను కోరారు. మేము ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళము. తెలుగులో తప్పులు దొర్లితే మన్నించగలరు.

మన తాతల కాలంలో మంజీర చుట్టుపట్ల పల్లెల్లో చెరకు, జొన్న, కంది పండేవి. మనవాళ్ళలో కొందరికి సేద్యం, కొందరికి కుట్టుపని, దూది ఏకడం, మాంసం అంగడి, జట్కా తోలడం. 1960 దశకంలో చెకోస్లోవేకియా సాయంతో రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం లేచింది. 1972లో పటాన్‌చెరు వద్ద ఇక్రిశాట్ వచ్చింది. తరువాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు వచ్చాయి. 1984లో ఎద్దుమైలారంలో ఆర్డినెన్సు ఫ్యాక్టరీ, ఆ తరువాత సదాశివపేటలో టైర్లు, జహీరాబాదులో ట్రాక్టర్లు. ఇవన్నీ మీరెరిగినవే.

వీటిలో ఎక్కువ చోటు ఆక్రమించింది మందుల కంపెనీలు. వాటి మురికినీరు నక్కవాగులో కలిసి ఎన్నో ఊళ్ళ భూములు చెడిపోయాయి. 1990లో ఆ కేసు సుప్రీంకోర్టుదాకా పోయింది. స్వీడన్ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు శుద్ధికేంద్రం నుంచి వచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ మోతాదులో సిప్రోఫ్లాక్సాసిన్ ఆ నీటిలో ఉందని తేల్చారు. పొలం చెడినవాడు చివరకు ఏం చేశాడు? టిఫిన్ డబ్బా పట్టుకొని అవే కంపెనీల గేట్ల ముందు నిలబడ్డాడు. మరి పిల్లల కడుపు నిండాలి కదా!

సరే, లోపలికి పోయినవాడికి ఏ పని దొరుకుతున్నది? ఐ.టి.ఐ. చదివినవాడు ఫిట్టరో, ఎలక్ట్రీషియనో అవుతాడు. మన పిల్లల్లో అటువంటివారు తక్కువ. మిగతావాళ్ళు డ్రమ్ములు ఎత్తడం, బాయిలరు దగ్గర హెల్పరు, ఆడపిల్లలైతే ప్యాకింగు. అదీ కాంట్రాక్టరు కింద. ఆ డ్రమ్ము మీద ప్రమాదమని రాసి ఉంటుంది, ఇంగ్లీషులో, తెలుగులో, హిందీలో. 'ఖత్రా' అన్న మాట మన పిల్లవాడికి పుట్టినప్పటి నుంచి తెలుసు. కాని ఆ నాగరి అక్షరాలు వాడికి రావు. ఉర్దూ మీడియం వద్దని మేము అనము, అనబోము. తెలుగు, ఇంగ్లీషు అక్షరాలు గట్టిగా నేర్పకుండా పై తరగతికి పంపిన తప్పు మాత్రం మా వంటి ఉపాధ్యాయులదే.

మా తప్పు ఇంకొకటి ఉంది. ఈ రోజు అసలు చెప్పుకోదలచింది అదే.

మా దగ్గర చదివిన ఒక పిల్లవాడు పదకొండేళ్ళు ఒకే కంపెనీలో, ఒకే గేటు గుండా పోయి పనిచేశాడు. గేటు మారలేదు గాని కాంట్రాక్టర్లు ముగ్గురు మారారు. కిందటి ఏడు గుండెపోటుతో పోయాడు. అల్లా అతనికి మగ్ఫిరత్ ప్రసాదించుగాక. అతని భార్య సంచీ నిండా కాగితాలు తెచ్చి మా ముందు పోసింది. "మాస్టర్ సాబ్, రెండు పేర్లున్నోళ్ళకు పైసలు రావంట" అన్నది.

రెండు కాదు, మూడున్నాయి. ఉర్దూలో మహమ్మద్ అని ఒక్క తీరుగానే రాస్తాము. ఇంగ్లీషుకు వచ్చేసరికి ఒకచోట మొహమ్మద్, ఒకచోట మహ్మద్, ఇంకొకచోట వట్టి ఎం.డి. ఆధారులో ఒకటి, పి.ఎఫ్.లో ఒకటి, బడి రిజిస్టరులో మరొకటి. ఆ బడి రిజిస్టరులో చేతిరాత మాది! పుట్టినతేదీ తెలియదని తల్లి చెబితే మేమే ఏదో జూన్ నెల తేదీ వేశాము. అప్పట్లో అందరికీ అదే తీరు. ఒక్క అక్షరం, ఒక్క తేదీ ఒక ఆడమనిషిని ఇన్నిసార్లు ఆఫీసుల చుట్టూ తిప్పుతుందని మాకు తోచలేదు.

పేరు దిద్దాలంటే కార్మికుడు, యజమాని ఇద్దరూ సంతకం పెట్టే ఉమ్మడి డిక్లరేషను కావాలన్నారు. కార్మికుడు లేడు, మొదటి కాంట్రాక్టరు జాడ లేదు. మేము బోనఫైడ్ సర్టిఫికెట్ రాసిచ్చి, ఆమె వెంట తొమ్మిది సార్లు పోయాము. తరువాతి ఇద్దరి కింద జమ అయిన సొమ్ము, పింఛను వచ్చాయి. మొదటి రెండేళ్ళది నేటికీ రాలేదు.

పి.ఎఫ్. అంటే జీతంలో కోసుకునే పైసలు అనే మనవాళ్ళు అనుకుంటారు. దానితో ముడిపడి బీమా ఉన్నది. సర్వీసులో ఉండగా చనిపోతే వారసులకు 7 లక్షల వరకు ఇచ్చేటట్లు 2021లో పెంచారు. ఇ.ఎస్.ఐ. ఉంటే ఇంటిల్లిపాదికీ వైద్యం. పనిలో ప్రమాదం జరిగి ప్రాణం పోతే భార్యాపిల్లలకు నెలనెలా భత్యం. ఇవన్నీ పేరు సరిగా ఉంటేనే సులువుగా చేతికొస్తాయి. కాంట్రాక్టరు చేతిలో నగదు పెట్టి, ఎక్కడా రాయకుండా పంపితే అసలు పేరే లేదు.

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి కర్మాగారం పేలినప్పుడు 50 మందికి పైగా పోయారు. వారిలో బీహారు, ఒడిశా వంటి దూరప్రాంతాల నుంచి వచ్చినవారు ఎందరో. డి.ఎన్.ఏ. పరీక్షలు చేసి మృతదేహాలను ఇళ్ళవారికి అప్పగించవలసి వచ్చింది. కొందరి ఆనవాలే దొరకలేదు. ఆ వార్తలు చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మన మహల్లా పిల్లలు ఎందరు ఏ గేటులోపల, ఏ పేరుతో ఉన్నారో మన సంఘం దగ్గర ఒక్క కాగితం కూడా లేదని గుర్తుకొచ్చింది.

అందుకని సంఘానికి ఒక మనవి. జుమా నమాజు తరువాత మస్జిద్ వరండాలో ఒక బల్ల వేయించండి. మేము, ఐ.టి.ఐ. చదివిన మరి ఇద్దరు కుర్రవాళ్ళము కూర్చుంటాము. కంపెనీకి పోయే ప్రతివాడు, ప్యాకింగుకు పోయే ఆడపిల్లల తరఫున తండ్రో అన్నో, ఆధారు, బడి సర్టిఫికెటు, పి.ఎఫ్. నంబరు, ఇ.ఎస్.ఐ. కార్డు తీసుకురావాలి. పేరు ఎక్కడ తేడా ఉందో చూసి, మనిషి బతికుండగానే, కాంట్రాక్టరు కనబడుతుండగానే దిద్దిద్దాము. నామినీ పేరు రాయనివారిచేత రాయిద్దాము. పి.ఎఫ్. నంబరే లేదన్నవాడి పేరు వేరే పుస్తకంలో రాసుకొని, పెద్దలు నలుగురు కలిసి కాంట్రాక్టరు దగ్గరికి పోదాము.

బడి రిజిస్టరులో మేము చేసిన తప్పులకు సర్టిఫికెట్లు మేమే తయారుచేయించి తెస్తాము, దానికి ఎవరూ బడిదాకా రానక్కరలేదు. వచ్చే శుక్రవారమే మొదలుపెడదాము.