దిద్దుబాటు ఎవరిది?

(టేకులపల్లిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున లేస్తే పంచాయితీలు, పోలీస్ స్టేషన్లు, పోడు పట్టాల చుట్టూ తిరిగే మనకు కథల మీద చర్చ ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. కథను కథగా చదవక లోపలి అర్థాలు తవ్వడం చదువుకున్నవాళ్ల కాలక్షేపమనే మాట తరచూ వింటూనే ఉంటాం. అది నిజం కాదని నా అభిప్రాయం. ఒక కథ తీసుకుని చూద్దాం.

గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో వచ్చింది. సానుల పాటలు మరిగి రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరిన గోపాలరావుకు భార్య కమలిని కనిపించదు. పుట్టింటికి వెళ్తున్నానంటూ ఆమె రాసిన ఉత్తరం కనిపిస్తుంది. అతను పశ్చాత్తాపపడతాడు. చివరికి మంచం కింది నుంచి కమలిని నవ్వు వినిపిస్తుంది. చదువుకున్న స్త్రీ భర్తను తెలివిగా దిద్దుకోగలదని చెప్పడం రచయిత ఉద్దేశం. ఆడపిల్లల చదువునే ప్రమాదంగా చూసిన కాలంలో అది చిన్న విషయం కాదు. ఆ ఉద్దేశాన్ని గౌరవిద్దాం. కానీ అక్కడే ఆగిపోకూడదు.

కథ మధ్యలో గోపాలరావు కోపంలో నౌకరు రాముడి వీపు మీద గుద్దుతాడు. వెంటనే నొచ్చుకుని ఆ వీపే నిమురుతాడు. నవ్వు తెప్పించే ఘట్టం అది. కొట్టడం, ఆనక నిమరడం: మన దగ్గరకు వచ్చే ఆడవాళ్లకు ఈ వరస కొత్తదా? అతని పశ్చాత్తాపం ఎన్నాళ్లు నిలిచిందో కథ చెప్పదు. 'కన్యాశుల్కం'లో మధురవాణికి అంత వ్యక్తిత్వమిచ్చిన రచయితే ఇక్కడ సానికి గొంతే ఇవ్వలేదు.

1902లో భండారు అచ్చమాంబ రాసిన 'ధనత్రయోదశి'లోనూ దారి తప్పిన భర్తను సరిదిద్దేది భార్యే. స్త్రీ రాసినా, పురుషుడు రాసినా ఆ భారం ఆమె మీదే పడింది. ఇది ఒక రచయిత లోపం కాదు, ఆనాటి సంస్కరణ భావజాలం.

ఆ భావజాలం ఇంకా మన మధ్యే ఉంది. 'భర్త తప్పు తెలుసుకున్నాడు, భార్య సర్దుకుపోవాలి' అని రాసే రాజీ కాగితం ముగింపు కూడా అదే. అతను మారకపోతే ఆమె ఎక్కడికి వెళ్లాలి? పుట్టిల్లూ ఆమె పేరున ఉండదు. అందుకే కాపురమున్న ఇంట్లో ఉండే హక్కునిచ్చిన 2005 గృహహింస చట్టం, పెళ్లయినవారికి భార్యాభర్తలిద్దరి పేరా పట్టా ఇవ్వాలన్న 2006 అటవీ హక్కుల చట్టం మనకు ముఖ్యం.

కథ చదివినా, రాజీ కాగితం చదివినా మూడు ప్రశ్నలు వేద్దాం. ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరి మాట రాలేదు? ఈ ముగింపు ఎవరికి అనుకూలం? కోయ, లంబాడా అక్కచెల్లెళ్లకు ఆ కాగితాన్ని వాళ్ల భాషలో చదివి వినిపించి, ఈ ప్రశ్నలకు జవాబు దొరికాకే వేలిముద్ర వేయమందాం.