మనుమల పేరు చీట్లు



బడులు తెఱచుటతోడనే పిల్లల పుస్తకములకు అట్టలు వేసి, పైని పేరు చీట్లు అంటించు పని ప్రతి యింటను జరుగుచుండును. ఈ చీట్లనే నేడందఱును స్టిక్కరులనుచున్నారు. అంగడిలో దొరకు వానిపై ఏదో యొక బొమ్మయు, దాని క్రింద ఆంగ్లమున పేరు, తరగతి అను గీతలును ఉండును. కొనుట సులభమే. అయినను తాతలును అవ్వలును తమ చేతులతో చేసి మనుమలకీయదగిన చీట్లను గూర్చి నేడు ముచ్చటింపదలచితిని.

అంటించుకొను వస్తువు మన యిండ్లకు క్రొత్తది కాదు. స్త్రీలు నొసట మైనము రాచి, దానిపై కుంకుమ అద్దుకొనుట మనమెఱిగినదే. వెనుక జిగురు పూసిన తపాలాబిళ్ల ఇంగ్లండులో 1840వ సంవత్సరమున వెలువడినది. తడితో పనిలేక, వెనుక కాగితమును ఒలిచి అంటించు చీట్లను అమెరికాలో స్టాంటన్ ఏవరీ అను నతడు 1935లో తయారుచేసెను. మనము చేయబోవు చీటి తపాలాబిళ్ల జాతిది. తడి తగిలిననే అంటును.

ముందుగా పేరును గూర్చి చెప్పవలెను. మనుమనికి తాత పేరును, మనుమరాలికి అవ్వ పేరును పెట్టుట మనలో పలువురకు ఆచారము. ఆ బిడ్డ హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, సముద్రముల కావలనో చదువుచుండును. తెలుగు చక్కగా మాటలాడును. తన పేరు తెలుగున వ్రాయుమన్న వ్రాయలేడు. బడి పట్టికలో ఆంగ్లాక్షరములే యుండును. వాడుకగా వ్రాయు ఆ యక్షరములలో వాణి యన్నను వాని యన్నను ఒక్కటే వ్రాత. రమకును రామకును భేదము లేదు. ఉపాధ్యాయుడు తనకు తోచినట్లు పిలుచును, కొన్నాళ్లకు బిడ్డయు అట్లే పలుకును. పేరు పెట్టినవారు బ్రదికియుండగనే ఆ పేరు మాఱిపోవుట చిన్న నష్టమని నేననుకొనను. కాబట్టి చీటిపై పేరును తెలుగున పెద్దదిగాను, దాని క్రింద ఆంగ్లమున చిన్నదిగాను వ్రాయుడు. ఆంగ్లము వలదనుట తగదు. పోయిన పుస్తకము తిరిగి చేరవలెను గదా!

ఇక జిగురు. చిన్ననాడు బంకనక్కెర పండ్ల జిగురుతోను, వేపబంకతోను కాగితములు అంటించినవారు మీలో ననేకులుందురు. ఈ పనికి తుమ్మబంక శ్రేష్ఠము. బెరడు తునకలు లేని లేతరంగు బంకను ఏరి, నలుగగొట్టి, ఒక పాలు బంకకు రెండు పాళ్లు గోరువెచ్చని నీరు పోసి, రాత్రియంతయు నాననిచ్చి, ఉదయమున పలుచని గుడ్డలో వడియగట్టవలెను. చిటికెడు పంచదార కలిపినచో ఎండిన జిగురు పెళుసెక్కి రాలదు. చిటికెడు మించెనా, చీమలు పుస్తకమును విడువవు. అన్నపు గంజియు మైదాపిండి జిగురును అప్పటికప్పుడు అంటించుటకు మంచివే గాని, ఎండినపిదప తడిపినచో సరిగా అంటవు. బైండింగు చేయువారు పురుగు పట్టకుండుటకై పిండిజిగురులో మైలుతుత్తము కలుపుదురు. అది విషము. పిల్లలు చీటిని నాలుకతో తడుపక మానరు. కావున మన జిగురులో దానిని చేర్చనే కూడదు.

పలుచని తెల్ల కాగితమునకు ఒకవైపున జిగురును సమముగా పూసి, నీడన ఆఱవేయుడు. ఆఱునపుడు కాగితము చాపవలె చుట్టుకొనును, భయపడనక్కరలేదు. పూర్తిగా ఆఱినపిదప బరువైన పుస్తకము క్రింద ఒక రాత్రి యుంచిన చదునగును. అప్పుడే పేర్లు వ్రాసి, పిదప కత్తిరింపవలెను. కలపు సిరా తడికి చెదరును గనుక బాలుపెన్నుగాని పెన్సిలుగాని మేలు. చేయి వణకువారు సంకోచింపవలదు. గీత వంకరపోయినను చదువ వీలైన చాలును. ఒత్తులు మాత్రము స్పష్టముగా నుండవలెను. కృష్ణ యను పేరులో ష క్రింది ణ ఒత్తును ఆ బిడ్డ మఱి యెక్కడ చూడగలడు?

బొమ్మ వేయగలవారు పెరటి జామచెట్టునో, క్రిందటి సెలవులలో ఆ బిడ్డ మేపిన దూడనో వేయుడు. ఇట్టి బొమ్మ ఏ యంగడిలోను దొరకదు. నీటిసీసాకును, భోజనపు డబ్బాకును ఈ చీట్లు పనికిరావు, కడుగగనే ఊడిపోవును. వానికి పైన పారదర్శకమైన టేపు అంటింపవలసినదే.

వానకాలమున తపాలాలో పంపునపుడు చీట్లు తేమకు ఒకదానికొకటి అంటుకొనును. నడుమ నూనె కాగితపు ముక్కలు పెట్టుడు. తడిగుడ్డతో అద్ది అంటించుకొమ్మని ఒక జాబును జతచేయుడు. పది చీట్లు పంపువారు రెండింటిని పేరు వ్రాయక విడిచిపెట్టుడు. మిగిలిన యెనిమిదింటిని చూచి, ఆ రెంటిపై బిడ్డయే వ్రాసికొనును.