పెరటిలో చీనా టమాటా

చీనావారు టమాటాను ‘ఫాన్‌ఛియే’ యందురు; పరదేశపు వంకాయ యని యర్థము. మనము సీమచింత యన్నట్లే. ఉత్తర చీనావారికి ప్రియమైనది గులాబిరంగు పండు. తోలులో పసుపువర్ణము లేనందున లోని యెఱుపు అట్లు కానవచ్చును. ఆ తోలు మిక్కిలి పలుచన. ఎండగట్టి ఒక్కమారుగా నీరు పెట్టినచో పండు పగులును. బజారుకు పంపువారికిది నష్టమే. పెరటినుండి వంటింటికి వచ్చు పండునకు ఇదియొక లోపమా? మేము కోరునది రుచి. కావున మొక్క మొదట ఎండుగడ్డి పఱచి, తడి యారకుండ కొద్దికొద్దిగా నీరు పోయుదుము.

షీయాన్‌లో రూపొందిన మావోఫెన్ 802 సంకరజాతి. అందు సగము మొక్కలకు దట్టమైన నూగుండును. పేనుబంక వానిపై అంతగా నిలువదు. కాని దాని గింజలు దాచి నాటినచో తల్లిపోలిక రాదు. విత్తనము దాచుకొనదలచినవారు సంకరము కాని రకమునే యడుగవలెను. మన వేసవిరాత్రుల వేడికి పూత రాలును గనుక, నారు ఆశ్వయుజములో పోయుట మేలు.