కాగితపు గుజ్జు చెట్లు: రైతులు తెలిసికొనవలసిన సంగతులు
(రైతుల సభయందు గావింపబడిన ఉపన్యాసము)



కాగితము మ్రానిలోని పీచునుండి పుట్టును. మ్రానిలో పీచుపోగులు లిగ్నిను అను పదార్థముచే నొకదానినొకటి అంటుకొనియుండును. మిల్లులలో చెక్కముక్కలను కాస్టిక్ సోడా మొదలగు క్షారములతో నుడికించి ఆ బంధమును విడదీసినచో గుజ్జు లభించును. కావున పీచు హెచ్చుగను, లిగ్నిను తక్కువగను గల చెట్టే మిల్లులకు ప్రియము.

1906 లో డెహరాడూనున స్థాపింపబడిన అటవీ పరిశోధనాలయమువారు వెదురు గుజ్జును పరీక్షించి, అది కాగితమునకు దగునని చూపిరి. వెదురు పీచు 2 మొదలు 3 మిల్లీమీటర్ల పొడవుండుటచే కాగితము గట్టిగ నుండును. నైజాము రాష్ట్రమున సిరిపూరు మిల్లు 1942 లో కాగితము చేయ నారంభించినపుడు అడవి వెదురే దానికి ముఖ్యాధారము. అయితే వెదురు అనేక సంవత్సరములకొకసారి మూకుమ్మడిగ పూచి చచ్చును. అడవియు నరుకుడుచే తరుగును. అందుచేత కాలక్రమమున మిల్లులు రైతుల పొలములవంక జూడవలసివచ్చెను.

పొలములలో పెంచదగినవి జామాయిలు, సరుగుడు, సుబాబులు. వీని పీచు వెదురు పీచుకంటె చాల పొట్టిది. కాని చెట్లు 3, 4 ఏండ్లకే కోతకు వచ్చును. జామాయిలు ఎఱ్ఱచెలకలలో బాగుండును. నీరు నిలుచు రేగడిలో రాణింపదు. సరుగుడునకు ఇసుకనేల యనుకూలము. సుబాబులు రేగడిలోను పెరుగును. దాని వేరుబుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. ఐనను దాని విత్తనములు రాలి, ప్రక్క చేలలో కలుపై మొలచును.

విత్తనపు మొక్కలు ఒకే తీరుగ నెదుగవు. మేలైన తల్లిచెట్టు రెమ్మలను వేరుపట్టించి తీసిన మొక్కలు తల్లిగుణములనే కలిగి సమముగ పెరుగును. 1989 నుండి భద్రాచలము మిల్లువారు జామాయిలున నీ పద్ధతిని సాగించిరి. అయినను పొలమంతయు నొక్క రకమే నాటినచో, దానికి పట్టిన పురుగు తోటనంతను చెఱచును. కావున రెండు మూడు రకములు నాటుట మేలు.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి బేరము. సిరిపూరు మిల్లు 2014 లో మూతపడి 2018 లో మరల తెరవబడెను. ఈ 4 ఏండ్లును ఒక జామాయిలు తోటను నాటి నరకునంతటి కాలము. మిల్లొక్కటే దిక్కని నాటిన రైతు అట్టి యెడ నేమి చేయగలడు? గింజలవలె చెట్టును గాదెలో పోసి దాచ వీలులేదు. నరికిన కఱ్ఱ దినదినము ఆరి తూకము తగ్గును; బేరమో తూకముమీదనే జరుగును.

కావున తిండిగింజల భూమిని విడిచి, మిగిలిన మెట్టలోనే యీ చెట్లను నాటవలయును. గుంజలకును వంటచెఱకునకును అమ్ముడుపోవు సరుగుడువంటి చెట్టునకు మిల్లు కాకున్నను మఱియొక గిరాకి యుండును. ధర యెంత, బెరడు తీసిన తూకమా, తీయని తూకమా, నరుకుడు కూలియు బండి కిరాయియు నెవరివి అను సంగతులను ముందుగనే కాగితముమీద వ్రాయించుకొని, పిమ్మటనే గొడ్డలి పట్టవలయును.

చెట్టు నాటుట ఒకనాటి పని. దాని ఫలము నాలుగేండ్ల నిరీక్షణము. నేలను, రకమును, కొనువానిని ముందుగ విచారించి నాటిన రైతునకు ఆ నిరీక్షణము వృథగాదు.