అనాతోతు పొలము

(జుగ్సలాయి తెలుగు కుటుంబముల సభలో చేసిన ప్రసంగ పాఠము)



టాటానగరు స్టేషనునకు 1919 వరకు కాళీమాటి యని పేరు. 1907లో టాటా ఇనుము, ఉక్కు సంస్థ ఏర్పడి, 1912లో తొలి ఉక్కు వెలువడిన పిదప ఈ ప్రాంతమునకు పని వెదకికొనుచు వచ్చినవారిలో తెలుగువారును కలరు. స్టేషను ప్రక్కనే యున్న ఈ జుగ్సలాయిలో ఒక ప్రశ్న ఇంటింట వినబడును. ఉద్యోగ విరమణమైన పిదప ఇచటనే ఇల్లు కట్టుకొనవలెనా, స్వగ్రామమునకు మరలవలెనా? ఊరిలోని పొలము చెక్కను అమ్మివేయవలెనా, ఉంచుకొనవలెనా?

ఈ ప్రశ్న బహు ప్రాచీనము. హీబ్రూ ప్రవక్తల ఆనందవాక్కులు, పునరుద్ధరణ వాక్కులు దీని చుట్టునే అల్లుకొనియున్నవి.

క్రీ.పూ. 597లో బబులోను రాజగు నెబుకద్నెజరు యెరూషలేమును లోబరచుకొని, రాజును, అధికారులను, పనివాండ్రను చెరగొనిపోయెను. త్వరలోనే తిరిగి రాగలమని అచట కొందరు వారిని ఊరించుచుండిరి. యెరూషలేములో నున్న యిర్మీయా వారికొక లేఖ పంపెను. ఇండ్లు కట్టుకొనుడు, తోటలు నాటుకొనుడు, బిడ్డలకు వివాహములు చేయుడు, మీరున్న పట్టణపు క్షేమమును కోరుడు. డెబ్బది సంవత్సరములు పట్టునని దాని తాత్పర్యము. చెరలోనివారికి ఇది చేదుమందు. ఈ యుత్తరమునకు శిక్షగా యిర్మీయాను బంధింపుమని బబులోను నుండి ఒకడు ప్రత్యుత్తరము వ్రాసెను కూడ.

చిత్రమేమనగా, పరదేశమున ఇల్లు కట్టుకొనుడని వ్రాసిన ఆ ప్రవక్తయే పదేండ్ల పిదప స్వదేశమున పొలము కొనెను. అదియు ఏ సమయమున? నగరమును శత్రుసేన ముట్టడించియున్నది. యిర్మీయా స్వయముగా కారాగృహ ప్రాంగణమున బందీ. పినతండ్రి కుమారుడైన హనమేలు వచ్చి, అనాతోతులోని తన పొలమును కొనుమని యడిగెను. అనాతోతు యెరూషలేమునకు సుమారు 5 కిలోమీటర్ల దూరమున నున్న పల్లె. శత్రువు చేతిలోని నేలకు ధర యేమి? ఐనను యిర్మీయా 17 తులముల వెండి తూచి యిచ్చెను.

ఆ క్రయవిక్రయ వివరములు కచేరీ కాగితములతో జీవితము గడపినవారికి ముచ్చట గొలుపును. పత్రము వ్రాయించి, సాక్షుల చేత వ్రాళ్లు చేయించి, ముద్ర వేసిన ప్రతి యొకటి, తెరచియున్న ప్రతి యొకటి లేఖకుడైన బారూకు చేతికిచ్చి, చిరకాలము నిలుచునట్లు మట్టికుండలో నుంచుమని యాజ్ఞాపించెను. ఈ జాగ్రత్త వ్యర్థము కాదని 1947లో లోకమునకు తెలిసినది. మృతసముద్ర తీరమున కుమ్రాను గుహలో దొరికిన మట్టికుండలలో యెషయా గ్రంథపు చుట్ట రెండువేల యేండ్లు నిలిచియుండెను.

సొమ్ము చెల్లించి, దస్తావేజు ముగిసిన పిదపనే యిర్మీయాకు సందేహము పుట్టెను. పట్టణము శత్రువుల పాలగుచుండగా నన్ను పొలము కొనుమంటివా యని దైవమునే ప్రశ్నించెను. సందేహము లేని మహాపురుషుని కంటె ఈ మనుష్యుడు దగ్గరివాడుగా తోచును. ఇండ్లు, పొలములు, ద్రాక్షతోటలు ఈ దేశమున మరల కొనబడుననునది ఆ క్రయమునకు అర్థము. పాడుబడిన వీథులలో పెండ్లికుమారుని స్వరము, పెండ్లికుమార్తె స్వరము మరల వినబడునని వెనువెంటనే వాగ్దానము వచ్చెను. ఈ మాట చెప్పిన యిర్మీయాకు వివాహము చేసికొనరాదని దైవాజ్ఞ. తాను ఎరుగని పెండ్లిసందడిని ఇతరులకు వాగ్దానము చేసెను.

ప్రవక్తల ఆనందము ఆకాశమున లేదు. ఇట్టి గృహకృత్యములలో నున్నది. తాము కట్టిన ఇంట తామే కాపురముండుట, తాము నాటిన తోట ఫలమును తామే తినుట యెషయా గ్రంథపు చివరి భాగమున మహాభాగ్యముగా చెప్పబడినది. పరుల కొరకు కట్టి, పరుల కొరకు నాటినవారికే ఆ మాట బరువు తెలియును. యిర్మీయా చూపిన తిరుగు ప్రయాణమునందు గ్రుడ్డివారు, కుంటివారు, గర్భిణీలు, ప్రసవవేదన పడు స్త్రీలు సైతము ఉన్నారు. ఏ సైన్యమును అట్టి వరుసలో నడువదు.

ఆ ఘట్టముననే ఎఫ్రాయిము ప్రియపుత్రుడని పిలువబడెను. క్రీ.పూ. 722 ప్రాంతమున అష్షూరీయుల చేత కూలిన ఉత్తర రాజ్యమునకు ఆ పేరు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెములోని కొన్ని తెలుగు కుటుంబములు తాము ఆ ఎఫ్రాయిము సంతతివారమని చెప్పుకొని యూదాచారములను పాటించుచున్నవి. వారు మాదిగ కులమునకు చెందినవారు; అంతకుముందు క్రైస్తవులు. వారిపై యూలియా యెగొరొవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు 2013లో ఒక గ్రంథము ప్రకటించిరి. వంశవాదమునకు ఆధారము మౌఖిక సంప్రదాయమే. కాని ఊరి అంచున నిలుపబడినవారికి, పోగొట్టుకొన్న బిడ్డడని యొక తండ్రి పిలుచు పిలుపు ఎట్లు వినబడియుండునో ఊహించుట కష్టము కాదు.

బబులోనులో నున్నవారు ఏమైరి? 2014లో ప్రకటితములైన మట్టి పలకలు కొంత చెప్పుచున్నవి. క్రీ.పూ. 572 నుండి 477 వరకు గల ఆ పత్రములలో "యూదా పట్టణము" అను అర్థము గల ఊరు కనబడును. ఆ ఊరి యూదులు భూములు సాగు చేసిరి, పన్నులు చెల్లించిరి, అప్పులు చేసిరి. యిర్మీయా లేఖను పాటించినట్లే యున్నది. క్రీ.పూ. 539లో కోరెషు బబులోనును జయించి మరలిపోవుటకు అనుమతి యిచ్చినను, ఆ ఊరు ఖాళీ కాలేదు. పోయినవారును, నిలిచినవారును ఒకే జనము.

మరలినవారు దేవాలయమునకు పునాది వేసిన దినమున అనేకులు ఉత్సాహధ్వని చేసిరి. మొదటి ఆలయమును కన్నులార చూచిన వృద్ధులు బిగ్గరగా ఏడ్చిరి. ఏది సంతోషధ్వనియో, ఏది రోదనమో జనులకు తెలియలేదని ఎజ్రా గ్రంథము చెప్పును. ఇంతకంటె నిజమైన ఉత్సవవర్ణనము అరుదు. కట్టడము ఆగిపోయి, క్రీ.పూ. 520లో హగ్గయి, జెకర్యా ప్రవక్తల ప్రోత్సాహమున మరల సాగెను. పాత వైభవము ఎదుట ఇది శూన్యముగా కనబడుటలేదా యని హగ్గయి వృద్ధులను సూటిగా అడిగెను. వారి దుఃఖమును కాదనలేదు.

జెకర్యా మాత్రము ఆలయమును వదలి వీథిని చూపెను. మిక్కిలి వయసు వచ్చిన వృద్ధులు, వృద్ధురాండ్రు చేతికఱ్ఱలతో యెరూషలేము వీథులలో కూర్చుందురనియు, ఆ వీథుల నిండ మగపిల్లలు, ఆడపిల్లలు ఆడుకొందురనియు చెప్పెను. ఆ మాట పలుకు నాటికి పట్టణమునకు ప్రాకారమైనను లేదు. దానిని నెహెమ్యా వచ్చి కట్టించినది క్రీ.పూ. 445 ప్రాంతమున.