నేపుల్స్ పేరు, యోకొహామా రుచి

స్పగెట్టీలో టమాటా కెచప్ కలపడమంటే ఇటలీవాళ్ళకు ససేమిరా గిట్టదు. జపాన్‌లో మాత్రం తరాలుగా ఇష్టంగా తింటున్నారు. ఆ వంటకం పేరు నాపొలితాన్. పేరు ఇటలీలోని నేపుల్స్ నగరానిది, పుట్టిల్లు జపాన్‌లోని యోకొహామా రేవు.

1945లో యుద్ధం ముగిశాక అమెరికా సైన్యాధికారులు అక్కడి హోటల్ న్యూ గ్రాండ్‌లో దిగారు. సైనికులు స్పగెట్టీలో కెచప్ కలుపుకోవడం చూసి, ప్రధాన వంటగాడు ఇరియె షిగెతదా టమాటా, ఉల్లి, వెల్లుల్లితో దానికి మెరుగులు దిద్దారని చెబుతారు. ఆ దినుసుల ఖర్చు భరించలేని చిన్న హోటళ్ళు మళ్ళీ కెచప్‌నే నమ్ముకున్నాయి.

ఇటలీలో స్పగెట్టీ కాస్త పలుకుగా ఉండగానే దించుతారు. జపాన్‌లో మెత్తగా ఉడికించి, వార్చి, చల్లారనిస్తారు. పెనం మీద ఉల్లిపాయ, క్యాప్సికం, సాసేజ్ ముక్కలు వేయించి, కెచప్ పోసి, పులుపు తగ్గి దగ్గరపడ్డాక స్పగెట్టీ వేసి కలుపుతారు. పైన చీజ్ పొడి, నాలుగు చుక్కలు టబాస్కో కారపు సాస్. నగోయా నగరంలో అయితే కాలే ఇనుప పళ్ళెంలో గిలక్కొట్టిన గుడ్డు పోసి వడ్డిస్తారు. అంచుల్లో గుడ్డు చిటపటలాడుతూ ఉడుకుతుంటుంది.

దీన్ని అపచారమంటే నేనొప్పుకోను. కరువు రోజుల్లో దొరికినదానితో వండుకున్న తిండి ఇది. ఆ మాటకొస్తే టమాటా కూడా 16వ శతాబ్దంలో అమెరికా ఖండం నుంచి ఇటలీ చేరినదే!

ఇలాంటి ‘అపచారం’ ఇటలీలోనూ జరిగింది: 2024లో సాక్షాత్తూ నేపుల్స్‌లోనే, పేరున్న పిజ్జా నిపుణుడు జీనో సోర్బిల్లో అనాసపండు పిజ్జా అమ్మకానికి పెట్టారు. టమాటా సాస్ మానేసి, అనాసను ముందే కాల్చి వేశారు.