ఆర్15 ఎత్తు తగ్గిస్తే హ్యాండ్లింగ్ ఏమవుతుంది?

నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. ఆర్15 వీ4 సీటు 815 మిల్లీమీటర్లు. సిగ్నల్ దగ్గర మునివేళ్ల మీద నిలబడలేక, లింకులు మార్పించి వెనక 25 మిల్లీమీటర్లు దించేశాను. పాదాలు నేలకి ఆనాయి, పండగే!

వారం తర్వాత అనంతగిరి ఘాట్‌లో ఎడమ మలుపు. ఎప్పటిలాగే వంచాను. బండి తిరగట్లేదు, రోడ్డు మధ్యకి పోతోంది. ఎదురుగా బస్సు! ఎలా తప్పించానో ఇప్పటికీ గుర్తులేదు.

ఎందుకలా అంటే, వెనక ఒక్కటే దిగితే బండి మొత్తం వెనక్కి వాలుతుంది. వీల్‌బేస్ 1,325 మిల్లీమీటర్లు కదా, లెక్కేస్తే ఫోర్క్ ఇంచుమించు 1 డిగ్రీ పడుకుంటుంది. ట్రెయిల్ కూడా పెరుగుతుంది. తిన్నని రోడ్డు మీద తెలీదు, మలుపులో మొద్దుబారుతుంది. స్వింగార్మ్ చదునవుతుంది కాబట్టి థ్రాటిల్ ఇస్తే వెనక ఇంకా కూర్చుంటుంది.

తర్వాత ఫోర్కులు క్లాంపుల్లో పైకి జరిపించి ముందు కూడా దించాను. స్టీరింగ్ తిరిగొచ్చింది. క్లియరెన్స్ మాత్రం పోయింది, వంచితే ఫుట్‌పెగ్ ముందే గీరుకుంటోంది. అసలు సీటు ఫోమ్ కోయిస్తే సరిపోయేది, జామెట్రీ కదలదు. అది నాకెవరూ చెప్పలేదు మరి!

అన్నట్టు, సైడ్ స్టాండ్ ఇప్పుడు పొడుగైపోయింది. బండి దాదాపు నిటారుగా నిలబడుతోంది, ఒకసారి పడింది కూడా. కోయించేదాకా గోడ పక్కనే పార్కింగ్.